నాన్నకంటే రెండేళ్ళు చిన్న

ఏడాదికోసారి మేమింకా బతికే ఉన్నామని ప్రభుత్వానికి చూపించుకోవాలి కదా, ఆ పనిమీద మొన్న చిలకలూరిపేట వెళ్ళాను. వరుసలో నా ముందు ముగ్గురున్నారు, అందరూ రిటైరైన పంతుళ్ళే. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి ఒక్కొక్కరి పుట్టినతేదీ పైకి చదివి, వేలిముద్ర వేయించుకుని పంపిస్తోంది. మొదటాయన జూలై ఒకటి. రెండో ఆమె జూలై ఒకటి. మూడో ఆయనా జూలై ఒకటే. నా వంతు వచ్చేసరికి ఆ పిల్ల కళ్ళు చికిలించి తెర వంక చూసి, నా వంక చూసి, "ఏంటండీ, మీ కాలంలో అందరూ జూలై ఒకటినే పుట్టేవాళ్ళా?" అంది. వెనకనున్న పెద్దాయన పకపకా నవ్వాడు. ఆయనదీ అదే తేదీ అయి ఉంటుంది.

మా ఈడువాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పక్కరలేదు. మనల్ని కన్నది అమ్మలే అయినా మనకు పుట్టినరోజులు పెట్టింది మాత్రం హెడ్‌మాస్టర్లు. వేలు పట్టుకుని బడికి తీసుకొచ్చిన పెద్దవాళ్ళను పిల్ల ఎప్పుడు పుట్టిందని ఆయన అడగడం, వాళ్ళు మిరప రెండో కోతలోననో, నల్లగేదె ఈనిన వారానికనో చెప్పడం, ఆయన కళ్ళజోడు మీదనుంచి మనల్ని ఒకసారి ఎగాదిగా చూసి, సంతలో దూడకు వయసు కట్టినట్టు ఒక సంవత్సరం కట్టి, దాని ముందు జూలై ఒకటి తగిలించడం, అంతే. నా విషయంలో ఆయన మరీ ధారాళంగా ప్రవర్తించాడు. ఆరేళ్ళకే పొడుగ్గా ఉన్నానని రెండేళ్ళు ఎక్కువ రాసి, తిన్నగా రెండో తరగతిలో కూర్చోబెట్టాడు. దాని పుణ్యమా అని నేను రెండేళ్ళు ముందే రిటైరయ్యాను. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి తెచ్చిపెట్టింది ఆ తేదీ. అక్కడికే వస్తాను.

మా అమ్మకు ఆ జూలై ఒకటి కూడా లేదు. ఆమె బడి మొహం చూడలేదు. వయసెంత అని ఎవరడిగినా ఆమె దగ్గర ఒకటే జవాబు ఉండేది, మీ నాన్నకంటే రెండేళ్ళు చిన్న అని. మాకూ అదే చెప్పేది, ఓటరు లిస్టు రాసుకోవడానికి వచ్చినవాళ్ళకూ అదే చెప్పేది. నాన్న లేడు కాబట్టి ఆయన వయసు ఎవరూ ఎత్తేవారు కాదు, ఆమె వయసూ అక్కడితో ఆగిపోయేది.

నాన్న పోయేనాటికి నాకు ఆరేళ్ళు, తమ్ముడికి మూడు. పత్తి చేలోంచి జ్వరంతో వచ్చి పడుకున్నాడు. మూడురోజులు కాసింది. నాలుగోరోజు బండి కట్టి పేటకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆయనకప్పుడు ఇరవై ఏడేళ్ళు. మా ఊరు చిలకలూరిపేటకూ మార్టూరుకూ నడుమ, అంతా నల్లరేగడి. మూడెకరాల చేను, ఎకరానికి సరిపోయే బావి, ఇద్దరు పిల్లలు, పక్కింట్లో పెదనాన్న కుటుంబం, ఇదీ అమ్మ చేతికి మిగిలింది. కౌలుకిచ్చి కూర్చోమని పెదనాన్న చెప్పి చూశాడు. అమ్మ వినలేదు. బావి కింద మిరప, మిగతాది పత్తి, పొలం తానే చేసింది, ఒక్కరోజు కూడా మమ్మల్ని పస్తు పడుకోబెట్టలేదు.

ఎండిన మిరపకాయల కుప్పలో మోచేతిదాకా చెయ్యి పెట్టి గలగలలాడించి, ఆ చప్పుడును బట్టి ఇంకో ఎండ కావాలో అక్కర్లేదో చెప్పేది అమ్మ. ఊళ్ళో మోతుబరులు కూడా బస్తాలకెత్తే ముందు ఆమెను కళ్ళంలోకి పిలిపించుకుని చెయ్యి పెట్టించుకునేవారు. తెల్లబడిపోయిన తాలుకాయలు ఏరేటప్పుడు ఆమె వేళ్ళు ఎంత చురుగ్గా కదిలేవంటే మాటల్లో పెట్టినా తప్పేవి కావు. మిరపకాయలు పట్టుకున్న చేత్తో కళ్ళు ముట్టుకోకూడదని మాకు చిన్నప్పుడే నేర్పింది. అమ్మ ఏడవకపోవడానికి కారణం అదేనని, కళ్ళు తుడుచుకునే వీల్లేదు కాబట్టే ఏడవదని చాలాకాలం అనుకున్నాను నేను.

నాకు చిన్నప్పటినుంచీ ఆరా తీసే జబ్బు ఉంది. అమ్మ విషయంలో నన్ను తొలిచేసిన మొదటి ప్రశ్న వయసు గురించి కాదు. మిరప నారు పోసే రోజున అమ్మ మడి దున్నించి, చదును చేసి, విత్తనాన్ని బూడిదలో కలిపి, తీరా చల్లే సమయానికి పక్కకు తప్పుకుని, ఆ గిన్నె నా చేతికిచ్చేది. భర్త పోయినవాళ్ళు తొలి గింజ వేయకూడదని అప్పట్లో అనేవారు, నిజమే. కానీ ఊళ్ళో భర్తలు పోయినవాళ్ళు ఇంకా నలుగురైదుగురు ఉండేవారు. వాళ్ళు నలుగురి ముందే ఆ నియమం పాటించి, ఎవరూ చూడనప్పుడు తమ పని తాము చేసుకునేవారు. వేలెడంత నారుమడి ముందు ఎవరు శకునాలు చూస్తారు? అమ్మ మాత్రం చేలో మేమిద్దరమే ఉన్నా, కాకి కూడా లేకపోయినా, గింజ ముట్టేది కాదు. ఎవరైనా కొత్త దంపతులు బజారులో ఎదురొస్తే పక్క సందులోకి మళ్ళిపోయేది. లోకం వేసిన శిక్షకంటే ఇంకొంచెం ఎక్కువ తనకు తానే వేసుకున్నట్టుండేది ఆమె తీరు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

చదువు ముగించి మా ఊరి బళ్ళోనే పంతులమ్మనయ్యాక రెండో ఏడు జనాభా లెక్కల పని పడింది. నాకప్పుడు అసలు లెక్కలో ఇరవై నాలుగు. వయసు తెలియదన్నవాళ్ళను వదిలేయవద్దని, ఊళ్ళో అందరికీ గుర్తున్న సంఘటనలను పట్టుకుని లెక్క కట్టమని మాకు నేర్పించారు. నాకు నచ్చే పని దొరికింది. ఒక నోటుపుస్తకంలో తాటిచెట్లు కూలిన పెద్ద గాలివాన, రోడ్డు పక్కన పొగాకు కాల్చే బ్యారను తగలబడిన ఏడు, కాలవ నీళ్ళు వచ్చిన ఏడు, తారు రోడ్డు పడిన ఏడు, అన్నీ వరసగా రాసుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒక ముసలాయన తనకు నలభై అన్నాడు, ఆయన పక్కన కూర్చున్న కొడుకుకు నలభై రెండు వచ్చాయి. ఆయన ఏమాత్రం తొణక్కుండా, "అట్టాగా? అయితే వాడిదే తప్పు, తగ్గించుకోమను" అన్నాడు.

చివరికి మా ఇంటికి వచ్చాను. అమ్మ కళ్ళంలో తాలుకాయలు ఏరుతోంది. పరాయి మనిషికి చెప్పినంత మర్యాదగా అన్నీ చెప్పింది. వయసు దగ్గరికి రాగానే మామూలు జవాబే వచ్చింది. నాన్న మా బళ్ళోనే ఐదు చదివాడు, ఆయన పేరున్న రిజిస్టరు నేను అంతకుముందే దుమ్ము దులిపి చూసుకున్నాను. బతికి ఉంటే ఆయనకు నలభై ఐదు. అందులోంచి రెండు తీసేసి నలభై మూడని రాసుకున్నాను. అక్కడితో లేచి వచ్చేస్తే పోయేది. నేర్చుకున్న విద్య చూపించుకోవాలని, పెద్ద గాలివాన నాటికి నువ్వెక్కడున్నావమ్మా అని సరదాకి అడిగాను.

అమ్మ చేతిలోని కాయల వంకే చూస్తూ, పొన్నూరు దగ్గర తన పుట్టింటి ఊళ్ళోనే ఉన్నానని, ఇంటి కప్పు లేచిపోతుంటే చెల్లెల్ని చంకనేసుకుని మోకాలిలోతు నీళ్ళలో బియ్యపు మిల్లు అరుగు మీదకు పరిగెత్తానని చెప్పింది. నేను కళ్ళు మూసి తెరిచేలోగా లెక్క కట్టాను. గాలివాన వచ్చి అప్పటికి నలభై ఒక్కేళ్ళు. అంటే అమ్మకు అప్పుడు రెండేళ్ళు. రెండేళ్ళ పిల్ల తనకంటే చిన్నదాన్ని చంకనేసుకుని పరిగెత్తిందన్నమాట! నా మొహంలో ఏం కనిపించిందో, అమ్మ చేతులు ఆగిపోయాయి. "రాసుకోవటం అయిందిగా, లే ఇంక. నీకు ఆరాలెక్కువే" అని కసిరింది.

తీగ దొరికాక డొంక కదిలించకుండా ఊరుకునే రకం కాదు నేను. ఆ చెల్లెలు పదేళ్ళకే అమ్మవారు పోసి చనిపోయిందని తెలుసు. అమ్మ తమ్ముడు, మా మామయ్య ఒక పెళ్ళిలో కనిపిస్తే మెల్లగా కూపీ లాగాను. ఆయన కంగారుగా కండువా దులుపుకుని వడ్ల ధర గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నేను అడిగింది వడ్ల గురించి కాదు. ఇక అడగలేదు గానీ ఏదో ఉందని మాత్రం రూఢి అయింది.

మరుసటి ఏడు నా పెళ్ళి మాట వచ్చింది. మా బళ్ళోనే లెక్కలు చెప్పే మాస్టారు, మావాళ్ళే, ఊరు మార్టూరు అవతల. ఆయనకు నేనంటే ఇష్టమని పిల్లలకు కూడా తెలిసిపోయింది. నాకూ ఇష్టమే, ఆ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది. వాళ్ళమ్మ వచ్చి అడిగి వెళ్ళింది. అమ్మ సంబరపడింది, పెదనాన్న సరేనన్నాడు. ఒక ఆదివారం ఆయన మా ఇంటికొచ్చి టీ తాగుతూ, నన్ను ఉడికించడానికి, సర్వీసు రిజిస్టరు ప్రకారం మీ అమ్మాయి నాకంటే రెండేళ్ళు పెద్దదండీ అత్తయ్యా, నేను కాళ్ళకు దణ్ణం పెట్టాలేమో అన్నాడు. అందరం నవ్వాం. అమ్మ నవ్వలేదు.

నా కాగితం తప్పని అమ్మకు తెలుసు. ఆయన కాగితం ఎంత నిజమో తేల్చుకోవాలనుకుంది. మర్నాడు తొలి బస్సెక్కి ఒక్కతే వాళ్ళ ఊరు వెళ్ళింది. ఆరా తీసే గుణం నాకెక్కణ్ణించి వచ్చిందో ఆ రోజు తెలిసింది. తల్లులిద్దరూ అరుగు మీద కూర్చుని పంటలతో, వానలతో లెక్కలు కట్టుకున్నారు. పొగాకు బ్యారను తగలబడిన ఏడు మిరప రెండో కోతకు నేను పుట్టాను. అదే ఏడు శ్రావణంలో, పత్తిగింజ వేసే రోజుల్లో ఆయన పుట్టాడు. ఐదు నెలలు. నిజంగానే నేను ఐదు నెలలు పెద్దదాన్ని. అమ్మ వెళ్ళకపోతే ఈ ముక్క భూమ్మీద ఎవరికీ తెలిసేది కాదు. అమ్మ ఇక ఈ సంబంధం వద్దంటే ఆవిడకు నవ్వు వచ్చిందట. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు వదినగారూ?" అందట. అమ్మ మంచినీళ్ళు కూడా ముట్టకుండా తిరుగు బస్సెక్కింది.

నాకు కోపం నషాళానికి అంటింది. కళ్ళంలో మిట్టమధ్యాహ్నం, మిరపకాయల మధ్యలో నిలబడి అరిచాను. ఐదు నెలలకే కొంపలు మునుగుతాయా అన్నాను. పెళ్ళికూతురు పెద్దదైతే మగవాడి ఆయుష్షు తరిగిపోతుందంది అమ్మ. చదువుకున్నదాన్ని, ఉద్యోగస్థురాలిని, ఇలాంటి మాటలు వినడానికేనా నువ్వు నన్ను చదివించింది అన్నాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది ఆ మాట, ఏడాదిగా దాచుకున్నది.

"రెండేళ్ళ పిల్ల చెల్లెల్ని చంకనేసుకుని పరిగెత్తుద్దా అమ్మా? నువ్వు నాన్నకంటే పెద్దదానివి కాదూ?"

అమ్మ నిలబడ్డచోటే కూలబడింది. కొట్టినా అలా కూలబడి ఉండేది కాదు. ఎవరు చెప్పారే అని మాత్రం అడిగింది. ఎవరూ చెప్పలేదని, లెక్క కట్టానని చెప్పాను. అప్పుడు చెప్పింది. తల్లిలేని ఇంట్లో తమ్ముళ్ళను సాకుతూ ఉండిపోవడంతో ఆమెకు ఇరవై ఒకటి వచ్చాయి. ఆ రోజుల్లో అది ముదురు వయసు. నాన్నకు పంతొమ్మిది. పిల్లది పత్రిక చూపించమన్నారు. తాతయ్య ట్రంకుపెట్టెలోంచి చనిపోయిన చిన్నకూతురి జాతకం తీసి ఇచ్చాడు. ఆ పిల్ల బతికి ఉంటే పదిహేడు. అమ్మ పీలగా, పొట్టిగా ఉండేది, పదిహేడంటే ఎవరూ అనుమానించలేదు. జాతకాలు దివ్యంగా కలిశాయట.

"అందులో రాసున్న పసుపుకుంకాలు మా చెల్లెలియ్యే. నేను దొంగ పత్రికతో వచ్చినదాన్ని. ఎనిమిదేళ్ళు తిరక్కుండా ఆయన్ని మింగేశా. ఒక్కరోజైనా ఆయనకి చెప్పలేదే."

చెప్పి, మిరపకాయల చేతులతోనే కళ్ళు తుడుచుకోబోయింది. నేను గబుక్కున ఆ చేతులు పట్టుకున్నాను. నారుమడి ముందు గిన్నె నా చేతికి ఎందుకిచ్చేదో, కొత్త దంపతులు ఎదురైతే సందులోకి ఎందుకు మళ్ళేదో అప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేశాను? చేతులు పట్టుకుని కూర్చున్నాను. అంతే చేశాను. ఇది నీతోనే పోవాలని, మళ్ళీ ఎప్పుడూ తన దగ్గర ఎత్తొద్దని మాట తీసుకుంది. ఇచ్చాను.

పదిహేను రోజులు ఇంట్లో మాటల్లేవు. ఆ తరువాత వచ్చిన ఆదివారం మాస్టారు తిన్నగా కళ్ళంలోకి వచ్చి, అమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరడం మొదలుపెట్టాడు. మంచివీ తాలువీ కలిపేస్తుంటే అమ్మ మళ్ళీ విడదీసుకుంటోంది. కాసేపాగి అన్నాడు, "నేను ముందే పుట్టాల్సింది అత్తయ్యా, ఆ వానల్లో మంత్రసాని రావటం లేటయింది. అయినా ఐదు నెలలూ నాకు తెలుసు. తెలిసే చేసుకుంటానంటున్నా." ఇంత గంభీరమైన మాట అనేసి, చెమట పట్టిందని అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. పత్తి రైతు బిడ్డ, మిరప సంగతి తెలియదు. కెవ్వున అరుస్తూ కళ్ళమంతా తిరిగాడు. అమ్మే ఆయన్ని పట్టుకుని తొట్టి దగ్గర కూర్చోబెట్టి, కళ్ళు కడిగి, మజ్జిగలో తడిపిన గుడ్డ వేసింది. ఆ సాయంత్రం నాతో, "తెలిసే చేసుకుంటానంటున్నాడు గదా. మీ నాన్నని ఆ మాట అడగలేదు మేము. సరే, కానీండి" అంది. పెదనాన్నా పెద్దమ్మా పీటల మీద కూర్చుని నన్ను ధారపోశారు. తాళి కట్టే సమయానికి అమ్మ ఇంటి వెనక పశువుల పాకలో ఉంది.

అక్కణ్ణించి ఆయనకు మొదలైన కష్టం అంతా ఇంతా కాదు. ఆయన బళ్ళో ఒక్కసారి దగ్గితే ఆ కబురు ఎలా చేరేదో గానీ, సాయంత్రానికి అమ్మ మిరియాల కషాయం చెంబుతో మా గుమ్మంలో ఉండేది. ఆయన స్కూటరు కొన్నరోజు ఆమె అన్నం తినలేదు. నాన్న పోయిన ఆ ఇరవై ఏడో ఏడు ఆయనకు నడిచినంతకాలం చంటిపిల్ల వంకతో మా ఇంట్లోనే మకాం పెట్టింది. ఆ ఏడు పత్తి కూడా సరిగా తీయించలేదని తమ్ముడు గోల పెట్టాడు. జ్వరం వస్తే మా ఆయన నాకంటే ముందు అమ్మకు తెలియకుండా దాచేవాడు. కూతురికి రాని ఆదరం అల్లుడికి దక్కిందని చుట్టాలు నన్ను ఎగతాళి చేసేవారు. నేను నవ్వేసేదాన్ని. ఆయనకు నేను కారణం చెప్పలేదు, మాట ఇచ్చాను కదా.

ఏళ్ళు ఎలా గడిచాయో. పొలం తమ్ముడి చేతికి వచ్చింది, మా ఊళ్ళో కోల్డు స్టోరేజీ లేచింది, మార్టూరు దారంతా గ్రానైటు పలకలతో నిండింది. అమ్మకు చెవులు మందగించినా కాయల చప్పుడు మాత్రం వినబడేది, లేక చేతికి తెలిసేదో. మా ఆయనకు అరవై నిండాయి. పిల్లలు పట్టుబట్టి పేటలో ఒక హాలు తీసుకుని షష్టిపూర్తి చేశారు. నేను మళ్ళీ పెళ్ళికూతురినై పీటల మీద కూర్చుని చూద్దును కదా, ఎప్పుడూ వెనక వరసల్లో, స్తంభాల చాటున ఉండే అమ్మ, ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చుని ఉంది. ఆమెకప్పుడు అసలు లెక్కలో ఎనభై మూడు. మా ఆయన నా మెడలో రెండోసారి తాళి కడుతుంటే ఆమె కళ్ళార్పకుండా ఆయన్నే చూస్తోంది. అక్షింతలు వేసేవేళ అందరికంటే ముందు లేచి, కర్ర పక్కన పెట్టి, రెండు చేతులా వేసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ హాల్లో ఆ సంగతి గమనించినదాన్ని నేనొక్కదాన్నేనేమో.

భోజనాలయ్యాక నన్ను సైగ చేసి పిలిచింది. ఎదురుగా మా ఆయన మనవడిని భుజాన ఎక్కించుకుని గంతులేస్తున్నాడు. అమ్మ ఆయన్ని చూపించి, అరవైయ్యేనా, లెక్క తప్పలేదుగా అని అడిగింది. శ్రావణానికి సరిగ్గా అరవై అమ్మా అన్నాను. తరువాత నా చెయ్యి పట్టుకుని, పసిపిల్ల అడిగినట్టు అడిగింది.

"అయితే మీ నాన్న నా వల్ల పోలేదన్నమాట. కాదుగా అమ్మాయ్?"

కాదమ్మా, కాదు అని ఎన్నిసార్లన్నానో. ముప్ఫై అయిదేళ్ళుగా ఆ కషాయాల చెంబులతో ఆమె ఏం చూస్తోందో నాకు అప్పటిదాకా తెలియలేదు, చూడండి. అల్లుడి ప్రాణం కాపాడుతోందనే అనుకున్నాను. కాపాడుతూనే, తాను చేసిన నేరం నిజంగా నేరమో కాదో కూడా ఒక్కో ఏడూ ఎదురుచూసి తేల్చుకుంటోంది. ఒకవేళ ఆయనకు మధ్యలో ఏదైనా అయి ఉంటే ఆమె గతి ఏమయ్యేదో నేనిప్పటికీ తలచుకోలేను. ఆ తరువాత ఏడు మిరప నారు పోసేటప్పుడు తమ్ముడి చేతిలోంచి గిన్నె తీసుకుని తొలి గింజ తనే చల్లింది. నారు ఒత్తుగా వచ్చింది, దాందేముంది, ఎప్పుడూ వచ్చేదే.

తొంభై ఒకటో ఏట అమ్మ పోయింది. ఎన్నేళ్ళని అడిగినవాళ్ళకు తమ్ముడు ఎనభై ఏడని చెప్పాడు. నేను సరిదిద్దలేదు. ఇప్పుడిలా రాస్తున్నానంటే ఆ లెక్క పట్టించుకునేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదనే. నాన్నకు ఎప్పుడైనా అనుమానం వచ్చిందో లేదో, వచ్చీ ఊరుకున్నాడో, ఆ ఒక్కటి మాత్రం నేను ఎవరిని అడిగి తెలుసుకోగలను?

పోయిన వేసవిలో తమ్ముడి చిన్నకూతురు పెళ్ళయింది. ఇద్దరూ ఒకే కంపెనీలో పనిచేస్తున్నారు. అబ్బాయి మూడేళ్ళు చిన్న. ఆ మాట ఆ పిల్ల దోసె తింటూ చెప్పి, చట్నీ ఇంకొంచెం వెయ్యమంది. తమ్ముడు గానీ మరదలు గానీ తలెత్తి చూడలేదు. ఇప్పటి పిల్లలకు పుట్టిన గంటా నిమిషంతో సహా ఆసుపత్రి కాగితం ఉంటుంది, దాచాల్సిన పనీ లేదు, మిరప కోతలతో వెతుక్కోవాల్సిన పనీ లేదు. మంచిదే, చాలా మంచిదే. నేను మాత్రం చట్నీ వంకతో వంటింట్లోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

అమ్మ యాభై నాలుగేళ్ళు ఆ భారం మోసింది. అందులో ముప్ఫై అయిదేళ్ళు ఆ సంగతి నాకు తెలుసు. మాట ఇచ్చానన్నది నిజమే. ఇచ్చిన మాట ఇంకెవరికీ చెప్పనని, మళ్ళీ ఆ ఊసెత్తనని. కళ్ళంలో ఆ మధ్యాహ్నం ఆమె చేతులు పట్టుకున్నప్పుడు, ఊసెత్తొద్దని ఆమె అనకముందే, నీ వల్ల కాదమ్మా అని ఒక్క మాట అనేయడానికి నాకు బోలెడు వ్యవధి ఉంది. అన్ని వివరాలూ అడిగాను ఆమెను. ఆ మాట మాత్రం ఆమె నన్ను అడిగేదాకా అనలేదు.